గణపతి గొడుగు మీద పుప్పొడి

ఇలా జరుగు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఊఁ కొడుతూ ఉండాలి సుమా. నీ ఊఁ ఆగిందంటే నువ్వు నిద్రపోయావనుకుని నేనూ ఆపేస్తాను.

అనగనగా అంటే మరీ రాజుల కాలంనాటి అనగనగా కాదు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు, సెప్టెంబరు పంతొమ్మిదో తేదీ, గురువారం, వినాయక చవితి. పొద్దున్నే సన్నగా తుంపర పడి ఆగింది. పడమట కొండ మీద మబ్బు తడిసిన కంబళిలా వేలాడుతోంది. ఆకు కదలడం లేదు. ఒకటే ఉక్క. అలాంటి రోజున కాకరగరువు అని ఒక ఊళ్ళో, నూకరత్నం అనే కోడలు పొయ్యి ముందు కూర్చుని ఉండ్రాళ్ళు చేస్తోంది.

ఆ ఊళ్ళో అందరూ పొగాకు వేస్తారు. కాస్తో కూస్తో వరి ఉంటుంది. మొక్కజొన్న మాత్రం ఎవరూ వెయ్యరు. నూకరత్నం ఒక్కతే ఇంటి వెనక పెరట్లో మూడు సాళ్ళు వేసింది.

ఎందుకు వేసిందంటే, పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఆమె ఒడిలో పసుపూ కుంకుమతో పాటు గుప్పెడు మొక్కజొన్న గింజలు పోసింది. తెల్లటి గింజలు. ఒక్కొక్క గింజకీ నెత్తిన నేరేడుపండు రంగు చుక్క. ఆ గింజలు ఆవిడకి వాళ్ళమ్మ పోసింది. ఆవిడకి వాళ్ళమ్మ. ఆ విత్తనాన్ని అమ్మకూడదు, బదులివ్వకూడదు, ఆడపిల్ల ఒడిలోనే పొయ్యాలి. అదీ వాళ్ళింటి పద్ధతి. గాదె అడుగు కనబడే రోజుల్లో, వడ్లు ఇంకా చేలోనే ఉండగా, ఆ జొన్న గంజికి అందొచ్చేది. ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో ఆ గంజి.

ఆ తర్వాత ఏమైంది? వాళ్ళమ్మ పోయింది. పుట్టింట్లో కుండలో దాచిన విత్తనం పురుగుపట్టి పిండయిపోయింది. నూకరత్నానికి ఒక చెల్లెలు ఉంది, పేరు తలుపులు. అమ్మవారు తలుపులమ్మ తల్లి పేరు పెట్టుకున్నారులే, నవ్వకు. ఆ తలుపులు ఎండాకాలంలో మనిషి చేత కబురు పెట్టింది.

"అక్కా, మాఘంలో నా పెళ్ళి. నా ఒడిలో పొయ్యడానికి ఇక్కడ ఒక్క గింజ లేదు. ఉంటే నీ దగ్గరే ఉండాలి."

నూకరత్నం దగ్గర ఉన్నదీ గుప్పెడే. చెల్లెలికి రెండు దోసిళ్ళు పొయ్యాలన్న ఆశతో ఆ గుప్పెడూ నాటేసింది. కుండలో ఒక్క గింజ ఉంచలేదు. అలా చెయ్యకూడదమ్మా. ఎప్పుడూ కుండలో కాస్త ఉంచి మిగతాది భూమిలో వెయ్యాలి. కానీ ఆశ కళ్ళకి కుండ అడుగు కనబడదు కదా. ఇప్పుడు ఆ జొన్న అంటే లోకం మొత్తం మీద ఆ పెరట్లో ఉన్నదే.

మొక్కలు ఏపుగా ఎదిగాయి. నూకరత్నం రోజూ పొద్దున్నే వెళ్ళి చూసుకునేది. మొక్కజొన్నలో ఒక చిత్రం ఉంది, తెలుసా? నెత్తిన వేసేది జల్లు. నడుముకి కట్టేది పొత్తు. జల్లులో గింజ ఉండదు. సన్నటి తిత్తులు వేలాడుతూ ఉంటాయి, వాటి నిండా పసుప్పచ్చటి పుప్పొడి. పొత్తు మూతిలోంచి పీచు వస్తుంది. నువ్వు పొత్తు ఒలిచేటప్పుడు ఛీ ఛీ అంటూ పారేస్తావే, ఆ పీచే. అది చెత్త కాదమ్మా. ఒక్కొక్క పోగూ ఒక్కొక్క గింజకి దారి. లోపల ఎన్ని గింజలు పడాలో బయటికి అన్ని పోగులు వస్తాయి. పైనుంచి పొడి రాలి పోగు మీద వాలితే ఆ గింజ పాలు పోసుకుంటుంది. వాలకపోతే అక్కడ గింజ ఉండదు. బోసినోట్లో చిగురులా ఖాళీ.

సరే. చవితికి ముందురోజు చూస్తే పొత్తుల మూతుల్లో పీచు అప్పుడే తొంగిచూస్తోంది. తడితడిగా, లేత ఆకుపచ్చగా, పట్టుకుచ్చులా. జల్లులు కూడా విచ్చడానికి సిద్ధంగా ఉన్నాయి. నూకరత్నం సంతోషంగా వచ్చి పిండి విసురుకుంది.

ఇప్పుడు ఆమె మొగుడు సూరిబాబు సంగతి చెప్పాలి. సూరిబాబు చెడ్డవాడు కాదు. పెళ్ళాం అంటే ప్రాణం. కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పొగాకు చేలో పెరిగినవాడు. పొగాకు పూతకొస్తే ఏం చేస్తారు? తల తుంచేస్తారు. పువ్వు ఉంటే బలమంతా పువ్వు తినేస్తుంది, తుంచేస్తే బలం ఆకుకి పోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ చేతులకి తెలిసిన పని అదే, పువ్వు కనబడితే తుంచడం.

పైగా నూకరత్నం ఒకసారి అంది, "మా పుట్టింట్లో పాలవెల్లికి మొక్కజొన్న కట్టేవాళ్ళం" అని. పాలవెల్లి అంటే తెలుసుగా, చవితినాడు స్వామికి పైన వేలాడదీసే చెక్క చట్రం. దానికి పళ్ళూ కాయలూ మామిడి మండలూ కడతారు. సూరిబాబుకి ఆ మాట గుర్తుంది. పొత్తులింకా పసివి. అప్పుడేం చేశాడు? తెల్లవారకుండానే కొడవలి తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. మూడు సాళ్ళలోనూ ఒక్క జల్లు మిగల్చకుండా కోసేశాడు. పాలవెల్లికి అందం, పొత్తుకి బలం, పెళ్ళానికి సంతోషం. ఒక్క దెబ్బకి మూడు పనులు అయ్యాయనుకున్నాడు పాపం.

పొయ్యి దగ్గరున్న నూకరత్నానికి ఇదేం తెలీదు.

అప్పుడు పూజ మొదలైంది. పీట మీద మట్టి వినాయకుడు. ఆయన నెత్తిన ఎర్రకాగితం గొడుగు. సూరిబాబు పత్రి వేశాడు, ఉండ్రాళ్ళు పెట్టాడు, కథ చదవడం మొదలుపెట్టాడు. లోవమ్మ, అంటే నూకరత్నం అత్తగారు, ఇద్దరి చేతుల్లోనూ అక్షింతలు పెట్టింది. అక్షింతలు చేతిలో పడ్డాక కథ అయ్యేదాకా లేవకూడదు.

చంద్రుడు వినాయకుడి పొట్ట చూసి నవ్విన చోటికి కథ వచ్చింది. నూకరత్నం దణ్ణం పెడుతూ తలెత్తింది. ఎత్తిన తల దించలేకపోయింది.

పాలవెల్లి నాలుగు మూలలా జల్లులు. ఆమె జల్లులు.

లేవబోయింది. లోవమ్మ మోకాలి మీద చెయ్యేసి నొక్కింది. "కూచో. స్వామి కథ మధ్యలో ఏటా లేవడం?" అంది గొంతు తగ్గించి. సూరిబాబు చదువుతూనే ఉన్నాడు. శ్రీకృష్ణుడికి నింద వచ్చింది, ఎలుగుబంటి గుహలోకి వెళ్ళాడు, ఎన్నో రోజులు పోరాడాడు. ఎప్పుడూ గబగబా అయిపోయే కథ ఆ రోజు ఎంతకీ అవ్వదు. గుప్పిట్లో అక్షింతలు చెమటకి తడిసి ముద్దయిపోయాయి. పసుపు వేళ్ళ సందుల్లోంచి కారింది.

కథ అయింది. అక్షింతలు స్వామి పాదాల మీద పడ్డాయో లేదో, ఆమె పెరట్లో ఉంది.

మూడు సాళ్ళూ మొండేలు. ఒక్క మొక్కకీ తల లేదు. కింద పొత్తుల మూతుల్లో పీచు బారెడు నోరు తెరుచుకుని పైకి చూస్తోంది. పైన ఆకాశం తప్ప ఇంకేం లేదు.

సూరిబాబు వెనకాలే వచ్చాడు, నవ్వుకుంటూ. "చూశావా రత్నం, పాలవెల్లి? మీ పుట్టింటి లెక్కనే కట్టాను."

"మిగతావి ఏవండీ?" అంది.

"మిగతావేంటి?"

"జల్లులండీ! పాలవెల్లికి కట్టగా మిగిలినవి ఎక్కడేశారు?"

"ఒక మోపు ఎద్దుకేశాను. ఒక మోపు పెంటమీద పడేశాను. పువ్వే కదే! తుంచితే బలమొస్తుందని..."



అప్పుడు నూకరత్నం ఎద్దు దగ్గరికి పరుగెత్తింది. ఎద్దు కళ్ళు మూసుకుని నెమరేస్తోంది. మూతికి రెండు తిత్తులు అంటుకుని ఉన్నాయి, అంతే. ఆ తర్వాత పెంట దగ్గరికి పరుగెత్తింది. పొద్దుటి తుంపరకి తడిసి, కింద వేడికి ఉడికి, జల్లులు నల్లగా జావ అయిపోయి ఉన్నాయి. చేత్తో ఎత్తితే వేళ్ళకి బంకలా సాగింది. ఇక మిగిలింది మూడోది, పాలవెల్లి.

లోపలికొచ్చి పీట వేసుకుని ఎక్కబోయింది. లోవమ్మ అడ్డంగా నిలబడింది.

"ఏటి నువ్వు చేసే పని?"

"అత్తయ్యా, జల్లులు విప్పుతాను. అవి లేకపోతే గింజ పడదు. తలుపులు ఒడిలో పొయ్యడానికి ఏమీ ఉండదు. మా అమ్మ విత్తనం నాతోనే ఆఖరైపోతుంది."

"పాలవెల్లి విప్పడమంటే ఉద్వాసన చెప్పడమే. ఈ ఇంట్లో మూడోనాడు గాని ఉద్వాసన లేదు."

"మూడోనాటికి ఇవి గడ్డయిపోతాయి అత్తయ్యా."

లోవమ్మ అంది, "ఒక్క ఏడు మీ మావయ్య సంతకి వేళయిపోతోందని తొందరపెట్టాడు. చవితినాడే ఉద్వాసన చెప్పేశాం. మళ్ళీ చవితికి ఆయన లేడు. నూతిగట్టు మీద కాలు జారింది. నీకు గింజల మీద బెంగ. నాకు కొడుకు మీద బెంగ."

చూశావా? లోవమ్మ మొండిది కాదు, భయపడ్డ మనిషి. మొండివాళ్ళతో దెబ్బలాడొచ్చు గాని భయపడ్డవాళ్ళతో ఏం దెబ్బలాడతాం? నూకరత్నం పీట దిగింది.

మళ్ళీ అడిగింది. "విప్పను. తడిబట్ట చుట్టొచ్చా, కోసిన మొదళ్ళకి?"

లోవమ్మ ఆలోచించింది. "చుట్టుకో. స్వామికి తడిబట్ట చలవే."

అప్పుడు నూకరత్నం పాతచీర చింపి, నీళ్ళలో ముంచి, ఒక్కొక్క జల్లు మొదలుకీ చుట్టింది. జల్లులో తిత్తులు కొన్ని ఇంకా మూసుకునే ఉన్నాయి. రేపు పొద్దున్న ఎండ తగిలితే విచ్చుకుంటాయి. రేపొక్క పొద్దే. ఆ తర్వాత వాటికీ ఆయుష్షు లేదు. అదీ మబ్బు లేకపోతేనే. తేమగా ఉంటే తిత్తి నోరు తెరవదు.

మరి మబ్బుందో లేదో చూసుకోవాలి కదా? సాయంత్రం గుమ్మంలోకొచ్చింది. తలెత్తబోయి ఠక్కున దించేసుకుంది. చవితి చంద్రుడు! చూస్తే నీలాపనిందలు. పళ్ళెంలో నీళ్ళు పోసి చూద్దామంటే అందులోనూ కనబడతాడు, అసలు కృష్ణుడికి వచ్చిన చిక్కే అది. ఆకాశం చూడకుండా ఆకాశం సంగతి ఎలా తెలుస్తుంది? చెవులు రిక్కించి కప్పలు అరుస్తున్నాయేమో విన్నది. అరుస్తున్నాయి. గోడ తడిమింది. చెమ్మగా ఉంది. ఉప్పుజాడీలో వేలు పెట్టింది. ఉప్పు నీరు కారుతోంది.

సూరిబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్నం తినలేదు. "నేను చంద్రుణ్ణి చూశానే రత్నం, పొద్దున్నే చూసుంటాను," అన్నాడు.

"పొద్దున్న చంద్రుడు ఉండడు. లేచి అన్నం తినండి," అంది ఆమె.

ఊఁ అంటున్నావా? ఆఁ, అనాలి మరి.

తెల్లవారింది, శుక్రవారం. కొండ మీద మబ్బు కొండ దిగి ఊరి మొగదలకి వచ్చేసింది. పొగమంచులా తేమ. నూకరత్నం పాలవెల్లి కింద నిలబడి చూస్తోంది. తిత్తులు మూసుకునే ఉన్నాయి. కోడి కూసింది, పాలు పిండారు, పొయ్యి రాజుకుంది. తిత్తులు మూసుకునే ఉన్నాయి.

"కర్రతో ఒక్కటి తట్టనా?" అన్నాడు సూరిబాబు.

"మీరు ముట్టుకోకండి," అన్నారు అత్తా కోడళ్ళిద్దరూ ఒకే గొంతుతో.

అప్పుడు నూకరత్నం వెళ్ళి తూర్పు తలుపు రెండు రెక్కలూ తీసింది. లోవమ్మ దీపంలో నూనె పోసి వత్తి ఎగదోసింది. కాసేపటికి మబ్బు అంచు కొంచెం చిరిగింది. ఎండ ఒక్క పలక గడప దాటి, పీట ఎక్కి, పాలవెల్లి మీద పడింది.

ఒక తిత్తి అడుగున చిన్న కన్నం పడింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత గాలి ఒక్కసారి ఇలా మెసిలేసరికి పసుప్పచ్చటి పొడి జలజలా రాలింది. ఎక్కడ రాలింది? స్వామి మీద రాలితే పోయినట్టే. మట్టి బొమ్మ ఇంకా పచ్చిగా ఉంది, తడి తగిలితే ఆ పొడి ప్రాణం పోతుంది. కానీ స్వామికి గొడుగుంది కదా! ఎర్రకాగితం గొడుగు మీద, పొడిపొడిగా, పసుపు చల్లినట్టు నిలిచింది.

నూకరత్నం చేతులు జోడించి, "అత్తయ్యా, పాలవెల్లి ముట్టుకోను. స్వామిని కదపను. గొడుగొక్కటి ఎత్తుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెడతాను," అంది.

"నెత్తిన గొడుగు తీస్తే స్వామి ఎండలో కూచోవాలా?"

"ఈ పొడికి ఎక్కువసేపు ప్రాణం ఉండదత్తయ్యా."

లోవమ్మ స్వామి వంక చూసింది. కోడలి వంక చూసింది. గుమ్మంలో దొంగలా నిలబడ్డ కొడుకు వంక చూసింది. అప్పుడు ముందుకొచ్చి, తన పమిట కొంగు రెండు చేతులతోనూ చాపి, స్వామి నెత్తి మీద గొడుగులా పట్టుకుంది.

"పో. నా చేతులు పీకేలోపల వచ్చెయ్యి."

నూకరత్నం గొడుగు తీసింది. ఊపిరి బిగబట్టి నడిచింది, గాలొదిలితే పొడి ఎగిరిపోతుందని. సూరిబాబు చాప తెచ్చి గాలికి అడ్డం పట్టాడు. ఆమె ఒక్కొక్క పొత్తు మీదికి గొడుగు వంచి, అంచు మీద వేలితో మెల్లిగా తట్టింది. చిటికెడు పొడి, పీచు మీద. మళ్ళీ తట్టు, మళ్ళీ చిటికెడు. మొదటి సాలు అయింది. రెండో సాలు అయింది. మూడో సాలు సగంలో గొడుగు ఎర్రగా మిగిలింది. మిగతా పొత్తులు నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

గొడుగు తీసుకొచ్చి స్వామి నెత్తిన పెట్టింది. లోవమ్మ చేతులు దించింది.

అంతలోనే ఎండ పోయింది. మధ్యాహ్నం అన్నాల వేళకి ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. సూరిబాబు చాపలు పట్టుకుని సాళ్ళ మధ్య నిలబడ్డాడు గాని, చాపకి ఆగే వానా అది? పీచంతా నీళ్ళోడుతూ వేలాడింది. నూకరత్నం వెనక గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆ పొడిలో వాన ఎవరిని కడిగేసిందో, ఎవరు అప్పటికే లోపలికి దిగిపోయారో, పైనుంచి చూస్తే ఏం తెలుస్తుంది?

మనం లోపలికి వెళ్ళి చూద్దామా? కళ్ళు మూసుకో, అప్పుడు కనబడుతుంది.

ఒక్కొక్క పొడి రేణువూ ఒక ఇల్లు. అందులో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు తవ్వేవాడు. రెండోవాడూ మూడోవాడూ కవలలు, నడవడం చేతకాదు. ఇల్లు పీచు మీద వాలగానే పీచు వాళ్ళకి గుక్కెడు నీళ్ళిచ్చింది. అప్పుడు పెద్దవాడు గోడకి కన్నం పెట్టి పీచు లోపలికి సొరంగం తవ్వడం మొదలుపెట్టాడు. తమ్ముళ్ళిద్దర్నీ వెంటబెట్టుకున్నాడు.

లోపల చీకటి. ఇంట్లోంచి తెచ్చుకున్న తిండి కొంచెం దూరానికే అయిపోయింది. ఆ తర్వాత పీచే వాళ్ళకి అన్నం పెట్టింది. పెద్దవాడు తవ్వుతాడు, తమ్ముళ్ళు ముందుకి జారుతారు, జరిగిన మేరకి పెద్దవాడు వెనక తలుపు మూసేస్తాడు. ఒక తలుపు, ఇంకో తలుపు, ఇంకో తలుపు. వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆ పొడి రేణువు ఇసకరవ్వ కన్నా చిన్నది, దారి జానెడు. నువ్వు మన ఇంటి నుంచి కొండ అవతలిదాకా సొరంగం తవ్వుకుంటూ వెళ్ళినట్టు.

పైగా వాళ్ళొక్కరే కాదు. అదే పోగులో పక్క పక్కన ఇంకెన్నో ఇళ్ళవాళ్ళు తవ్వుకుంటూ వస్తున్నారు. గింజ గదికి తలుపు ఒక్కటే. మొదట చేరినవాళ్ళకే తెరుచుకుంటుంది. మిగతావాళ్ళు ఆ చీకట్లోనే ఆగిపోవాలి.

శుక్రవారం పగలు తవ్వాడు. ఆ రాత్రి తవ్వాడు. పైన వాన పడుతూనే ఉంది. చివరికి ముందు నుంచి సన్నగా ఒక వాసన తగిలింది. గింజ గది గుమ్మంలో ఇద్దరు చెలికత్తెలు నిలబడి ఉంటారట. వాళ్ళు పంపిన వాసన అది, ఇటు రండి, ఇటు రండి అని. పెద్దవాడు అటు మళ్ళాడు.

చేరాడా? తలుపు తెరిచారా? చెప్పను. ముందు నూకరత్నం దగ్గరికి వెళ్దాం పద. ఆమెకి తెలియందే నీకు మాత్రం ఎందుకు చెప్పాలి?

శనివారం ఉద్వాసన అయింది. స్వామిని కాలవలో కలిపారు, గొడుగుతో సహా. ఆదివారం పొద్దున్న వాన వెలిసింది. నూకరత్నం పెరట్లోకి వెళ్ళింది. పీచు తడిసి, గోధుమరంగు తిరిగి ఉంది. వానకి కుళ్ళిందో, పని అయి వాడిందో తెలీదు. తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఒక పొత్తు విరిచి, ఒలిచి, తలకిందులు చేసి దులపాలి. గింజ పడితే పోగుకి పని అయిపోయింది, దానంతటది ఊడిపోతుంది. గింజ పడకపోతే పోగు పట్టుకునే ఉంటుంది, ఇంకా ఎవరో వస్తారని.

కానీ ఒలిచిన పొత్తు ఇక ఎదగదు. చూడాలంటే ఒకదాన్ని చంపాలి.

"చూడకుండా ఉండలేవా?" అన్నాడు సూరిబాబు.

"తలుపులికి కబురు పంపాలి కదా. ఉందనో లేదనో."

మొదటి సాల్లోంచి ఒక పొత్తు విరిచింది. డొప్పలు ఒలవడానికి మనసు రాక అలాగే పట్టుకుంది. లోవమ్మ తీసుకుని తనే ఒలిచింది, బాలింత పక్కన కూర్చున్నంత మెల్లిగా. లోపల వేలెడంత తెల్లటి బెండు, దాని నిండా ఆవగింజల్లాంటి బొడిపెలు, ఒక్కొక్క బొడిపెకీ ఒక పోగు. లోవమ్మ ఒళ్ళో గుడ్డ పరిచింది. నూకరత్నం పొత్తుని తలకిందులు చేసి దులిపింది.

ఒక్క పోగు రాలలేదు.

రెండోసారి దులిపింది. నీటిబొట్టు రాలింది. సూరిబాబు మొహం అటు తిప్పుకున్నాడు.

"తడికి అంటుకున్నాయేమో. ఊదు," అంది లోవమ్మ.

నూకరత్నం ఊదింది. పొత్తు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బతిమాలుతున్నట్టు ఊదింది. మూడోసారి దులిపింది. అప్పుడు మొదట్లోంచి పీచు కుచ్చు మొత్తం జారి, పొందికగా, చప్పుడు లేకుండా లోవమ్మ ఒళ్ళో పడింది. కొన దగ్గర నాలుగు పోగులు మాత్రం పట్టుకుని వేలాడాయి. మిగతాదంతా నున్నగా ఉంది. ముత్యాల్లా.

లోవమ్మ ఆ పీచుని మడిచి పమిట చెంగున ముడేసుకుంది. "కబురు పంపరా సూరీ, ఆ పిల్లకి," అంది.

అంటే ఏమైనట్టు? పెద్దవాడు చేరినట్టు.

గుమ్మంలో చెలికత్తెల్లో ఒకామె తన గదిలోకే వాడికి దారిచ్చింది. దారిచ్చి తను ప్రాణం వదిలింది. పెద్దవాడు లోపలికి వెళ్ళాడు, తమ్ముళ్ళిద్దర్నీ ముందుకి తోశాడు, అక్కడే పగిలిపోయాడు. సొరంగం తవ్వినవాడు గది చూడలేదు. మూడోవాడు లోపలున్న రాణితో కలిశాడు. ఇద్దరూ ఒక్కటై పసిమొక్క అయ్యారు, గింజ అడుగున పడుకుంది అది. రెండోవాడు నట్టింట్లో ఇద్దరక్కచెల్లెళ్ళతో కలిశాడు. ముగ్గురూ కలిసి పాలయ్యారు. లేతగింజని గోటితో నొక్కితే తెల్లగా చిమ్ముతుందే, ఆ పాలు. ఆ పసిమొక్కకి అన్నం అదే. గట్టిపడితే మన గంజీ అదే.

ఆ ఏడు పొత్తులు అందంగా లేవు. మూడో సాలు సగం బోసినోళ్ళు. మిగతావి పళ్ళూడిన ముసలమ్మల్లా సందులు సందులుగా ఉన్నాయి. అయినా గింజ గింజే. తెల్లటి గింజ, నెత్తిన నేరేడు చుక్క.

ఇక ఎవరికి ఏమొచ్చిందో చెప్తాను, పడుకుందువుగాని.

మొదటి దోసిలి మాఘంలో తలుపులు ఒళ్ళో పడింది. రెండో దోసిలి నూకరత్నం కుండలోకి వెళ్ళింది, ఈసారి కొంచెం ఉంచుకుని నాటింది. చొప్ప ఎద్దుకి వచ్చింది. బెండ్లు పొయ్యికి వచ్చాయి. లోవమ్మ పోయినప్పుడు ఆవిడ చెవుల కమ్మలు ఆడపడుచుకి వెళ్ళాయి, పొగాకు చేను సూరిబాబుకి వచ్చింది. నూకరత్నానికి ఆవిడ పాతచీర ఒకటి వచ్చింది, చెంగున ముడితో. ముడి విప్పితే పీచు. ఆ జొన్న తలుపులు నుంచి తలుపులు కూతురికి, అక్కణ్ణుంచి ఇంకో ఇంటికి పోయి, చివరికి మన ఇంటికి వచ్చింది. అదిగో, దూలానికి వేలాడుతున్న ఆ పొత్తు ఉందే, అది నీకు.

సూరిబాబుకా? ఆ ఏడు ఒక్క పొత్తు కాల్చుకోవడానికి దక్కలేదు. అడగనూలేదు పాపం. తర్వాత ఏనాడూ పెళ్ళాన్ని అడక్కుండా పువ్వు తుంచలేదు.

ఏంటీ, పెద్దవాడికా? ఆ తవ్వినవాడికా?

మూడోవాడికి మొక్క వచ్చింది. రెండోవాడికి గింజ వచ్చింది. పెద్దవాడికి ఏమీ రాలేదమ్మా. ఎండిన పీచు వచ్చింది. రేపు పొత్తు ఒలిచేటప్పుడు ఛీ అనకుండా తీసి పక్కన పెట్టు, చాలు.

పొడి పోయె గింజకి,
గింజ పోయె గంజికి,
కథ పోయె కంచికి,
మనం పోదాం మంచానికి.